ఒక్కసారే అడిగిన సీటు

నా జీవితంలో పరువు పోయిన సందర్భాలు చాలానే ఉన్నాయి. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో నడిరోడ్డు మీద పంచె ఊడింది. ఏలూరు స్టేషన్లో మా అత్తగారనుకుని ఎవరో పెద్దావిడ కాళ్ళకి దణ్ణం పెడితే, ఆవిడ బ్యాగు గట్టిగా పట్టుకుని పోలీసును పిలిచింది. అవన్నీ చెప్పుకుని నవ్వుకోదగ్గవి. ఇప్పుడు చెప్పబోయేది వాటన్నిటికీ పెద్దన్న. ఇందులో ఒక విమానం ఉంది, ఒక సంచెడు ఎండుచేపలున్నాయి, మంచాన పడ్డ ఒక స్నేహితుడున్నాడు, వీటన్నిటి మధ్యా నోరు అదుపులో లేని నేనున్నాను. నవ్వొచ్చిన చోట నవ్వండి, మొహమాటపడకండి. ఆ మొహమాటం వల్ల ఏమైందో చెప్పడానికే కూర్చున్నాను.

అప్పటికి నా వయసు డెబ్బయ్యొకటి. కుర్రతనం. ఇప్పుడు డెబ్బై నాలుగు కాబట్టి కాస్త బుద్ధి వచ్చింది.

పుట్టింది మండవల్లి దగ్గర, కొల్లేటి అంచున. మూడో తరగతిలో ఉండగా కొల్లేరు పొంగి బడి పైకప్పును పట్టుకుపోయింది. తరవాత పైకప్పు వచ్చింది, పంతులుగారొచ్చారు, నేను మాత్రం రాలేదు. మిగతా చదువంతా పొట్లాల కాగితాల మీదే సాగింది. శనగపప్పు కట్టిన కాగితం, బెల్లం చుట్టిన కాగితం, ఏది దొరికితే అది. అందుకే ఏ విషయం అడిగినా మధ్యలోంచి బ్రహ్మాండంగా చెప్పగలను. మొదలూ చివరా ఆ కాగితం చింపినవాడిని అడగాలి.

అసలు చదువు చెప్పింది మాత్రం మా అమ్మ. ఆ పాఠం పేరే మొహమాటం. మా గోదావరి వైపు వాళ్ళకి దీన్ని వివరించక్కర్లేదు, తక్కినవాళ్ళ కోసం చెబుతున్నాను. చుట్టాలింటికి బయల్దేరేముందు అమ్మ నన్ను గుమ్మంలో నిలబెట్టి అప్పజెప్పించుకునేది. "వాళ్ళు తినమంటారు. మొదటిసారి, ఇప్పుడే తినొచ్చామండీ అనాలి. రెండోసారి, వద్దండీ అనాలి. మూడోసారి పళ్ళేనికి చెయ్యి అడ్డం పెట్టాలి. పెట్టేటప్పుడు వేళ్ళు ఎడంగా ఉంచు." వేళ్ళు ఎడంగా ఎందుకో మీకు తెలిసే ఉంటుంది. పులుసు దిగాలి కదా.

దీన్ని అబద్ధం అనకండి, నాకు కోపం వస్తుంది. ఇది త్రాసు. అవతలివాళ్ళు నిజంగా పెట్టాలనుకుంటున్నారా, మాటవరసకి అంటున్నారా అని తూచి చూసుకోవడం. ఒక్కసారి అడిగితే మర్యాద, మూడుసార్లు అడిగితే మనసు. మా ఊళ్ళో అందరికీ ఈ తూకం తెలుసు కాబట్టి ఎవరూ ఆకలితో పోలేదు. ఊరు దాటాకే వచ్చింది చిక్కు.

ఇరవై దాటాక ఏలూరొచ్చి తివాచీల పనిలో చేరాను. నేత నాకు చేతకాదు. నేసినవాటిని చుట్టి, పైన గోనెపట్టా కుట్టి, తోపుడుబండి మీద రైల్వేస్టేషనుకి చేర్చడం నా పని. మగ్గం మీద కూర్చునేవాడు మస్తాన్. నా ఈడువాడే. వాళ్ళింట్లో తాతల నాటి నుంచీ అందరూ తివాచీ నేతగాళ్ళే. మొదటి రోజు మధ్యాహ్నం క్యారియరు విప్పి, "తింటావా?" అన్నాడు. "ఇప్పుడే తినొచ్చాను" అన్నాను. నిజానికి నేను తిన్నది ముందురోజు. వాడు సరేనని మొదలుపెట్టాడు. నేను రెండోసారి అడుగుతాడని చూస్తూ కూర్చున్నాను. వాడు గిన్నె తరవాత గిన్నె ఖాళీ చేసి, చెయ్యి కడుక్కుని, తృప్తిగా తేన్చాడు. సాయంత్రం స్టేషను దారిలో కళ్ళు తిరిగి తివాచీల చుట్టల మీదే పడ్డాను. నా మొహాన నీళ్ళు చల్లి లేపింది వాడే. సంగతంతా నా నోట రాబట్టాడు.

"మీ ఊళ్ళో వద్దంటే ఏంట్రా?" అన్నాడు చివరికి.

"ఇంకోసారి అడగమని."

"అయితే నిన్ను అడగడమే దండగ."

మర్నాటి నుంచి వాడు నన్ను ఏదీ అడగలేదు. క్యారియరు మూత తిప్పి అందులో అన్నం పెట్టి నా ముందుకు తోసేవాడు, అంతే. చలికాలంలో నేను వణుకుతుంటే, కావాలా అనకుండా వాళ్ళింట్లో దుప్పటి తెచ్చి నా మీద పడేసేవాడు. నా పెళ్ళికి ముందురోజు చొక్కా కొలతలు అడగలేదు. నా పాత చొక్కా దొంగిలించుకుపోయి కొత్తది కుట్టించుకొచ్చాడు. తివాచీలకి గిరాకీ పడిపోయి, మగ్గాలు ఒక్కొక్కటే మూలపడ్డాక, ఒకరోజు నన్ను బస్సెక్కించి గూడెం తీసుకుపోయాడు. ఉల్లిపాయల మార్కెట్లో ఒక షావుకారు దగ్గర కాటా ముందు నిలబెట్టి, "ఇక్కడ కూర్చో" అన్నాడు. ఉద్యోగం కావాలా అని కూడా అడగలేదు మహానుభావుడు. ఆ కాటా ముందే నేను ముసలివాణ్ణయ్యాను. వాడు మాత్రం కుట్టుపని నేర్చుకుని మస్కట్ వెళ్ళిపోయాడు, అక్కడే షాపు పెట్టుకున్నాడు, అక్కడే కూతుర్ని పెంచి పెద్దచేశాడు.

శుక్రవారం శుక్రవారం వాడు ఫోన్ చేసేవాడు. ఒక శుక్రవారం వాడు కాక కూతురు షాహీన్ చేసింది. నాన్నకి లివరు పాడైందనీ, డాక్టర్లు ఇంటికి తీసుకెళ్ళమన్నారనీ, ఇంకో పది రోజులో, రెండు వారాలో అంటున్నారనీ చెప్పింది. తరవాత ఫోను వాడి చెవి దగ్గర పెట్టింది.

"రత్నం, ఓసారి రారా" అన్నాడు.

నా పేరు వెంకటరత్నం లెండి. వాడు నన్ను జీవితంలో ఏదీ అడిగి ఎరగడు. అడిగింది అదొక్కటే. ఏం తెమ్మంటావురా అంటే, "కొల్లేటి ఎండుచేప వాసన ఎలా ఉంటుందో మర్చిపోయాను" అన్నాడు. అంతకుమించి మాట్లాడే ఓపిక లేదు వాడికి.

పాస్‌పోర్టు మస్తాన్ ఏనాడో అడక్కుండానే తీయించి పెట్టాడు. వీసా మూడోరోజున నా ఫోన్లోకి వచ్చిపడింది. షాహీన్ భర్త పంపాడు. ఎవరూ నన్ను అడగలేదు కనక సవ్యంగా వచ్చింది. తరవాత షాహీన్ ఫోన్ చేసి, "బాబాయ్, టికెట్ నేను బుక్ చెయ్యనా?" అంది. చూశారా, అడిగింది. ఇక నా నోరు ఊరుకుంటుందా?

"ఎందుకమ్మా నీకు శ్రమ. మా తమ్ముడి కూతురు విమానాల కంపెనీలోనే ఉంది. టికెట్ నాకో లెక్కా."

"సరే బాబాయ్" అని పెట్టేసింది.

ఫోను చేత్తో పట్టుకుని అలాగే కూర్చున్నాను, మళ్ళీ చేస్తుందని. నిజంగానే మోగింది. గ్యాసు బండ అబ్బాయి. పాపం ఆ పిల్ల తప్పేం లేదు. మస్కట్లో పెరిగింది. అక్కడ వద్దంటే వద్దనే.

చచ్చినట్టు మా తమ్ముడి కూతురు లావణ్యకి చెప్పాను. అది హైదరాబాదు విమానాశ్రయంలో ఒక కంపెనీకి పనిచేస్తుంది. ఉద్యోగుల చుట్టాలకి ఒకరకం టికెట్ ఇస్తారట, స్టాండ్‌బై అంటారట. ఆ పేరు నేనొక పొట్లం కాగితం మీద చదివాను కాబట్టి అంతా తెలిసినట్టే తలూపాను. అది నమ్మలేదు.

"పెదనాన్నా, ఇది మామూలు టికెట్ కాదండీ. కొనుక్కున్నవాళ్ళంతా ఎక్కాక సీటు మిగిలితేనే మీకు. మిగలకపోతే మర్నాడు."

"అంటే పెళ్ళిలో ఆఖరి బంతి."

"ఆఖరి బంతి కూడా కాదు. వంటవాళ్ళు తినేశాక గిన్నెలో ఏమన్నా ఉంటే అది."

"పోనీలే, గిన్నె గీకి పెట్టినా తినొచ్చు."

"కౌంటరు మూసేముందు పేరు పిలుస్తారు. పిలవగానే ఎస్ అనండి. ఏం ఆలోచించకండి, ఏం మాట్లాడకండి. ఎస్ అంతే."

నాకు నవ్వొచ్చింది. లారీ లోడు ఉల్లిపాయలు తూచిన మనిషికి ఎస్ అనడం నేర్పుతోందనుకున్నాను. ఎంత తెలివైన పిల్లో తరవాత తెలిసింది.

మండవల్లి వెళ్ళి మా మేనల్లుడి చేత ఎండబెట్టిన కొరమీను ముక్కలు తెప్పించాను. కాగితంలో చుట్టి, కవర్లో పెట్టి, ఆ కవరు ఇంకో కవర్లో పెట్టి, పైన తువ్వాలు చుట్టి, సంచిలో దోపాను. రైల్లో హైదరాబాదు చేరేసరికి ఆ వాసన నాలుగు కవచాలూ చీల్చుకుని బయటికి వచ్చేసింది. కొల్లేటి సరుకు అలాంటిది.

మొదటి రోజు మధ్యాహ్నం లావణ్య నన్ను కౌంటరు దగ్గర కూర్చోబెట్టి డ్యూటీకి పోయింది. మస్కట్ విమానం చూస్తుండగానే నిండిపోతోంది. అట్టపెట్టెలకి తాళ్ళు కట్టుకున్న పనివాళ్ళు, పిల్లల తల్లులు, ఏదో పెళ్ళిబృందం. ఒక్కొక్కరు కౌంటరు దగ్గరికి పోతుంటే నా గుండె ఒక్కొక్క మెట్టు దిగింది. బాధలో కూడా ఒక విడ్డూరం గమనించాను. విమానంలో నాకు ఒక్క సీటు లేదు గానీ, కింద నేను కూర్చున్న వరసలో మాత్రం కుడివైపు ముగ్గురు లేచిపోయారు, ఎడమవైపు ఇద్దరు లేచిపోయారు. ఎండుచేపల ధర్మమా అని కాళ్ళు చాపుకుని కూర్చున్నాను.

ఆ వాసనకి లేచిపోనివాడు ఒక్కడే. నెత్తి మీద టోపీ, చెవులకి పెద్ద డిప్పలు. వాడిదీ నాలాగే స్టాండ్‌బై. బావగారు కంపెనీలో ఆఫీసరట. ఏం పని మీద బాబూ అంటే, అక్కడ సముద్రపు ఒడ్డున తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయనీ, అవి చూడ్డానికనీ చెప్పాడు. తాబేళ్ళు చూడాలంటే కొల్లేరు రా నాయనా, ఊరికే చూపిస్తామన్నాను. నవ్వి, మళ్ళీ డిప్పలు పెట్టుకున్నాడు.

కౌంటరు అమ్మాయి చివరికి తల అడ్డంగా ఊపింది. ఫుల్ అంకుల్, రేపు రండి అంది. నేను లేచి వెళ్ళి, ఒంటికి ఓపిక ఉందనీ, ఏలూరు నుంచి కైకలూరు దాకా ఫుట్‌బోర్డు మీద వెళ్ళినవాణ్ణనీ, నిలబడి వస్తాననీ నచ్చజెప్పాను. విమానంలో నిలబడనివ్వరట. డ్రైవరు పక్కన పెట్టె మీద కూర్చుంటానన్నాను. పెట్టె ఉండదట. ఏం ప్రయాణమండీ ఇది? మా ఏలూరు బస్టాండులో అయితే కిటికీలోంచి తువ్వాలు విసిరితే సీటు మనది. ఈ విమానానికి కిటికీ కూడా తెరుచుకోదట. ఇంత చదువుకున్నవాళ్ళు ఇంతేసి రెక్కలు పెట్టారు గానీ, ఒక ముసలాడు నిలబడ్డానికి జానెడు చోటు పెట్టలేకపోయారు. ఆ సంగతి ఆ పిల్లకి వివరంగా చెప్పాను. అవునంకుల్ అంటూ కంప్యూటరు మూసేసింది.

సాయంత్రం షాహీన్‌కి ఫోన్ చేసి రేపొస్తున్నానని చెప్పాను. నాన్న మెలకువ వచ్చినప్పుడల్లా గుమ్మం వైపే చూస్తున్నారంది.

ఇప్పుడు రెండో రోజు. అసలు ఘనకార్యం జరిగింది ఇక్కడే. మీరు కాస్త సర్దుకుని కూర్చోండి.

అదే కౌంటరు, అదే అమ్మాయి, అదే టోపీవాడు, అవే చేపలు. అందరూ ఎక్కేశారు. కౌంటరు మూసే వేళయింది. నేను మనసులో మా ఊరి అమ్మవారికీ, ఎందుకైనా మంచిదని మస్తాన్ తరఫున అల్లాకీ మొక్కుకుంటున్నాను. ఆ అమ్మాయి ఫోన్లో ఏదో మాట్లాడి, కాగితం చూసి, తలెత్తింది.

"వెంకటరత్నం గారు."

లేచాను. సంచి తీసుకున్నాను. కౌంటరు దగ్గరికి నడిచాను. టోపీవాడు కూడా లేచి నా వెనకే వచ్చి నిలబడ్డాడు. ఆ అమ్మాయి చక్కగా నవ్వింది.

"మీరు లక్కీ అంకుల్. ఒక్క సీటుంది. వెళ్తారా?"

దేవుడా, వెళ్తారా అని ఎందుకడగాలి? ఇదిగో సీటు, పో ముసలాడా అంటే పోయేవాణ్ణి కదా. అడిగింది. అంత మర్యాదగా, అంత నవ్వు మొహంతో అడిగింది. అరవయ్యేళ్ళ కిందట మా అమ్మ గుమ్మంలో నిలబెట్టి నేర్పిన మాట, లావణ్య నేర్పిన ఎస్‌ను పక్కకి తోసేసి, తనంతట తాను బయటికి వచ్చేసింది. ఆ మాటన్నది నేను కాదు. మా మండవల్లి.

"పర్లేదమ్మా. ఈ అబ్బాయికేమన్నా తొందరేమో చూడండి."

నా లెక్క మీకు తెలుసు. ఆ పిల్ల ఇప్పుడు, "అయ్యో లేదండీ, ముందు మీ పేరే ఉంది" అనాలి. నేను, "నాదేముందమ్మా, పెద్దవాణ్ణి" అనాలి. మూడోసారికి ఆ సీటు కాగితం నా చేతిలో బలవంతాన పెట్టాలి. చెయ్యి ముందుకు పెట్టే ఉంచాను. వేళ్ళు కూడా ఎడంగానే ఉన్నాయి.

"సో స్వీట్ అంకుల్ మీరు" అంది ఆ పిల్ల. టకటకా కొట్టింది. మిషను గుర్రుమని ఒక కాగితం కక్కింది. టోపీవాడు అది అందుకుని, వంగి నా కాళ్ళకి దణ్ణం కూడా పెట్టాడు. కుర్రాడు చెడ్డవాడు కాడు. లోపలికి పరిగెత్తాడు.

నేనింకా చెయ్యి చాపుకునే ఉన్నాను.

"అమ్మా, ఇంకోసారి అడగండి" అన్నాను.

"ఏం అడగాలి అంకుల్?"

"వెళ్తారా అని."

"మీరు వద్దన్నారు కదా."

"అన్నానమ్మా. అది వద్దనడం కాదు."

ఆ పిల్లకి అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పాలంటే మండవల్లి నుంచి మొదలుపెట్టాలి, అంత టైము లేదు. నా స్నేహితుడు మంచం మీదున్నాడనీ, గుమ్మం వైపు చూస్తున్నాడనీ మాత్రం చెప్పాను. ఆ పిల్ల మొహం పాలిపోయింది. ఫోను తీసింది, ఎవరితోనో బతిమాలినట్టు మాట్లాడింది. టోపీవాడు అప్పటికే లోపలి తనిఖీ దాటేశాడట, కౌంటరు మూసేశారట. ఫోను పెట్టేసి, "ముందే చెప్పాల్సింది అంకుల్" అంది. ఆ కళ్ళల్లో నీళ్ళు. ఆ పిల్లకి నేనే మంచినీళ్ళ సీసా ఇచ్చి ఓదార్చాను. వద్దంకుల్ అంది. నేను రెండోసారి అడగలేదు. ఆ సీసా అక్కడే పెట్టేసి వచ్చాను.

తాబేలు వందల ఏళ్ళు బతుకుతుందని ఎక్కడో చదివాను. నిజమో కాదో, ఆ కాగితం సగమే దొరికింది. నిజమే అయితే, ఆ తాబేళ్ళు ఇంకొక్క రోజు ఆగలేవా?

లావణ్య వాళ్ళింటికి చేరాక ఏం జరిగిందని అడిగింది. సీటు దొరకలేదన్నాను. షాహీన్‌కీ అదే చెప్పాను. అబద్ధం ఆడితే ఆడాను గానీ, నిజం చెబితే ఎవరు నమ్ముతారండీ?

మర్నాడు పొద్దున్న ఫోన్ మోగింది. షాహీన్ మాట్లాడలేదు, ఆమె భర్త మాట్లాడాడు. తెల్లవారుజాము నమాజు వేళకి మస్తాన్ పోయాడు. మధ్యాహ్నం నమాజు అవగానే ఖననం. ఆ విషయాల్లో వాళ్ళు ఆలస్యం చెయ్యరు, ఎవరి కోసమూ ఆగరు. అది నాకు తెలుసు.

లావణ్య నా పక్కన కూర్చుని చాలాసేపు భుజం మీద చెయ్యి వేసి ఉంచింది. తరవాత మెల్లిగా, "ఇంకెందుకు పెదనాన్నా, గూడెం వెళ్ళిపోండి, రైలు ఎక్కిస్తాను" అంది.

"వాడు రమ్మన్నాడమ్మా."

"ఇప్పుడు వెళ్ళి ఏం చేస్తారండీ?"

"రమ్మన్నాడు. ఫలానా రోజుకే రమ్మని చెప్పలేదుగా."

మధ్యాహ్నం మళ్ళీ అదే కౌంటరు. అదే అమ్మాయి నన్ను చూసి గబగబా లేచొచ్చింది. పండగ గిరాకీ అయిపోయిందట, విమానం సగం ఖాళీయట. "విండో ఇమ్మంటారా అంకుల్?" అంది. ఎస్ అన్నాను. "పోనీ ముందు వరస?" అంది. ఎస్ అన్నాను. "మూడు సీట్లూ మీకే వదిలేస్తాను, పడుకుంటారా?" అంది. ఎస్ అన్నాను. ఆవేళ మూడుసార్లు అడిగింది. నా కళ్ళు చూసి, ఫ్రెండ్ బావున్నారా అని మాత్రం అడగలేదు. తెలివైన పిల్ల.

మొదటిసారి విమానం ఎక్కాను. ఎలా ఉందని అడక్కండి. నా పక్కన రెండు సీట్లు ఖాళీ. ఒకదాంట్లో చేపల సంచి పెట్టాను, పట్టీ కూడా కట్టాను. ఇంకొకటి అలాగే వదిలేశాను. మార్కెట్లో అన్నేళ్ళు ఉల్లిపాయల మధ్య బతికిన కళ్ళు నావి, మామూలుగా ఏ ఘాటుకీ చలించవు. ఆరోజు సముద్రం దాటేదాకా ధారగా కారాయి. విమానంలో అమ్మాయి వచ్చి, అయ్యా చేపల వాసన పడట్లేదా అంది. అవునమ్మా అదే అన్నాను.

మస్కట్లో షాహీన్ ఇంటికి వెళ్ళేసరికి సాయంత్రమైంది. ఇంటినిండా మనుషులు. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి ఇరుగుపొరుగువాళ్ళు గిన్నెలు గిన్నెలు తెచ్చి పెట్టారు. మస్తాన్ మంచం గుమ్మానికి ఎదురుగానే ఉంది. దుప్పటి మడిచి పెట్టారు. నేను చేపల సంచి ఆ మంచం కింద పెట్టి, గోడవారన కూర్చున్నాను. షాహీన్ వచ్చింది. తండ్రి మొహమే. ఏడ్చి ఏడ్చి ఆ మొహం వాచిపోయింది.

"భోంచేస్తారా బాబాయ్?"

వద్దమ్మా అన్న మాట నాలిక చివరిదాకా వచ్చేసింది. దాన్ని పళ్ళతో పట్టుకుని ఆపాను.

"పెట్టమ్మా" అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, గదిలో వాళ్ళంతా తిరిగి చూశారు.

పళ్ళెం తెచ్చిపెట్టి నా ఎదుటే కూర్చుంది. రెండు ముద్దలు తినేదాకా ఊరుకుని, అప్పుడంది, "నిన్న సాయంత్రం మీరు ఆ ఫ్లైటులో కూడా రాలేదని నాన్నకి చెప్పాను. కళ్ళు తెరవలేదు. పెదాలు కదిలితే చెవి దగ్గర పెట్టి విన్నాను."

"ఏమన్నాడు?"

"ఎవరో ఒక్కసారే అడిగుంటారు, అన్నారు. అని నవ్వారు బాబాయ్. అసలు నవ్వే శక్తే లేదు, అయినా నవ్వారు. నాకేం అర్థం కాలేదు. ఏంటి ఆ మాట?"

హైదరాబాదులో కౌంటరు ముందు జరిగింది నేను ఎవరికీ చెప్పలేదు. లావణ్యకీ చెప్పలేదు. అంత దూరాన మంచం మీద కళ్ళు మూసుకుని పడుకున్నవాడు చూసినట్టు చెప్పేశాడు. షాహీన్‌కి అంతా చెప్పాను. మండవల్లి నుంచే మొదలుపెట్టాను, ఆమె దగ్గర టైముంది. ఎడంగా ఉంచిన వేళ్ళ దగ్గర ఏడుపులోనే నవ్వింది. క్యారియరు దగ్గర మళ్ళీ నవ్వింది. టోపీవాడి దగ్గరికి వచ్చేసరికి నవ్వలేదు.

"టికెట్ నేను కూడా ఒక్కసారే అడిగాను" అంది.

"నీ తప్పు కాదమ్మా. నీకెవరూ చెప్పలేదు."

ఆమె నా పళ్ళెం వైపు చూసింది. అడక్కుండా ఇంకో గరిటెడు అన్నం పెట్టేసింది. వాడి కూతురే.

గూడెం తిరిగొచ్చాక నేను చేసిన ప్రతిజ్ఞ ఇది. ఉల్లిపాయల మార్కెట్ కాటా సాక్షిగా, కొల్లేటి కొరమీను సాక్షిగా, ఇకమీదట నన్నెవరు ఏది అడిగినా మొదటిసారి అడగ్గానే అవునంటాను. చెయ్యి అడ్డం పెట్టను. ప్రతిజ్ఞ చేసిన మర్నాడే పరీక్ష వచ్చింది. పక్కింటావిడ గేటు దగ్గర నన్ను చూసి, "రండి బాబాయ్ గారూ, కాఫీ తాగుతారా?" అంది. తాగుతానమ్మా అని లోపలికి వెళ్ళి కూర్చున్నాను. ఆవిడ మొహంలో రక్తం ఇంకిపోయింది. ఇంట్లో పాలు లేవు. మాటవరసకి అడిగింది. పాపం వెనక గుమ్మంలోంచి వెళ్ళి, ఎవరింట్లోనో పాలు తెచ్చి, ఎంతో సేపటికి కాఫీ పట్టుకొచ్చింది. కదలకుండా కూర్చుని తాగాను. ఆవిడ ఇప్పుడు నన్ను చూడగానే గేటు వేసుకుంటోంది. వేసుకోనివ్వండి, ప్రతిజ్ఞ ప్రతిజ్ఞే.

ఒక్క మినహాయింపు ఉంచుకున్నాను. నా వయసువాళ్ళమంతా ఇప్పుడు ఇంకో జాబితాలో ఉన్నాం. పైన ఖాళీ అయినప్పుడు పేరు పిలుస్తారు. ఆ కౌంటరు దగ్గర మాత్రం పాత పద్ధతే పాటిద్దామనుకుంటున్నాను. పర్లేదండీ, ముందు మీరు వెళ్ళండి, నాకేం తొందర లేదు అంటాను. మూడుసార్లు అడిగించుకుంటాను. కానీ ఆ ఎత్తు పారుతుందన్న నమ్మకం నాకు లేదు. అక్కడ ముందుగా చేరినవాడు మస్తాన్. వాడు అడగడు.